బోరు పలికిన సాయంత్రం

ఫ్లాగ్‌స్టాఫ్ దాటి ఉత్తరానికి పోయేకొద్దీ అరిజోనా తన ఒంటిమీది పచ్చదనాన్ని ఒక్కొక్కటే విప్పి పారేస్తుంది. ముందు పైన్ చెట్లు పోతాయి. ఆ తర్వాత గిడసబారిన జూనిపర్ పొదలు పోతాయి. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతాలు కక్కిన నల్లటి బొగ్గుచూర, మధ్య మధ్య ఎర్రటి బండలు, ఎంత తలెత్తి చూసినా తరగని ఆకాశం మిగులుతాయి. తారురోడ్డు వదిలి మట్టిదారిలో చాలాసేపు పోయాక ఒక ట్రైలర్ ఇల్లు, ఒక రేకుల షెడ్డు, ఒక పెద్ద నీళ్ల ట్యాంకు కనిపిస్తాయి. అది విశ్వనాథం స్థలం. ఇంటి వెనక నేలలోంచి మోకాలెత్తు పైకొచ్చిన ఇనుప గొట్టం ఒకటుంది. దాన్ని పూడ్చాలా వద్దా అన్నదే ఆ మొగుడూ పెళ్లాల మధ్య మిగిలిన ఒకే ఒక్క తగాదా.

విశ్వనాథానిది అనంతపురం జిల్లా. మబ్బు పట్టిన రోజున బడికి సెలవిచ్చేవాళ్లని చెబితే ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఎవరూ నమ్మరు. చదువవగానే ఫీనిక్స్ వచ్చి, రోడ్లు వేసే కాంట్రాక్టర్ దగ్గర మట్టి పరీక్షించే ఉద్యోగంలో చేరి, అందులోనే రిటైరయ్యాడు. కోడింగ్ రానివాడికి అమెరికా తెలుగువాళ్లలో ఎంత మర్యాద దొరుకుతుందో అంతే మర్యాదతో బతికాడు. పార్టీల్లో ఆయన్ని అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: "అంకుల్, మా డ్రైవ్‌వే క్రాక్ ఇస్తోంది, ఏం చేయమంటారు?" భార్య ఛాయాదేవి ఒక బడి వంటశాలలో పనిచేసింది. ఎందరి పిల్లలకో వడ్డించింది. వాళ్లకి మాత్రం పిల్లలు లేరు. అడిగేవాళ్లు అడిగి అడిగి అలసిపోయి ఊరుకున్నారు.

ఆయన్ని ఈ ఎడారికి లాక్కొచ్చింది వేదాంతం కాదు, ప్లాటు. ఇక్కడికి వచ్చే తెల్లవాళ్లు నిశ్శబ్దం కోసమో, నక్షత్రాల కోసమో, తమను తాము వెతుక్కోవడానికో వస్తారు. తెలుగువాళ్లు హద్దులు వెతుక్కోవడానికి వస్తారు. ఒక ఏడాది చాండ్లర్‌లో ఎవరో ఫోన్లో మ్యాపు తెరిచి, ఇక్కడ సోలార్ ప్రాజెక్టు వస్తుందన్నారు. ఇంకొకరు ఎయిర్‌పోర్టే వస్తుందన్నారు. అంతే, ముళ్లపొద కూడా బతకడానికి వెనకాడే నేలని వరసబెట్టి కొనేశారు. చాలామంది తాము కొన్నది కంటితో చూడనుకూడా లేదు. అందులో కాపురం పెట్టిన పిచ్చివాడు విశ్వనాథం ఒక్కడే.

కాపురానికి నీళ్లు కావాలి. డేల్ అనే బోర్లు వేసే డ్రిల్లర్ రిగ్గు తెచ్చి, ఎక్కడ వేయమంటావని అడిగాడు. విశ్వనాథం కారులోంచి పీచు తీయని కొబ్బరికాయ తీసి, అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి ఆ బొగ్గుచూర మీద నడవడం మొదలుపెట్టాడు. వాళ్ల ఊళ్లలో అలాగే చూస్తారు. నీళ్లున్న చోట కాయ దానంతటదే లేచి నిలబడుతుంది.

"బాగుంది," అంది ఛాయాదేవి ట్రైలర్ మెట్ల మీద నిలబడి. "జన్మంతా మిషన్లు పెట్టి మట్టి టెస్టులు చేశారు. ఇప్పుడు కొబ్బరికాయతో వాకింగా? మీ పాత బాసు చూస్తే పెన్షన్ ఆపేస్తాడు."

"నువ్వు మాట్లాడకు. కాన్‌సెంట్రేషన్ పోతుంది."

"కాయ పడేయకండి. రేపు పచ్చడికి కావాలి."

ఇంటి వెనక కాయ లేచింది. మెల్లగా, నిద్రలోంచి లేచినట్టు, ముచ్చిక ఆకాశం వైపు తిప్పుకుని నిలబడింది. డేల్ నవ్వాడుగానీ ఆ తర్వాత కాసేపు ఆయన చేతి వైపే చూస్తూ ఉండిపోయాడు.

నీళ్లు పడలేదు. చాలా లోతుకు దిగాక రాడ్లు ఒక్కసారిగా కిందికి జారిపోయాయి, రాయి అయిపోయి ఇక ఏమీ లేనట్టు. డేల్ ఇంజను ఆపి, వంగి, గొట్టంలోకి చూడబోయాడు. తలమీది టోపీ ఎగిరి గొట్టం మూతికి అతుక్కుంది. లోపలి నుంచి ఎవరో నోటితో పట్టి లాగుతున్నట్టు, ఆ టోపీ గుడ్డ మెల్లగా లోపలికి గుంటపడింది. ఇద్దరు కలిసి లాగితేగాని రాలేదు.

డేల్ చెప్పిన సంగతి విశ్వనాథానికి తెలియనిదేమీ కాదు. కింద సున్నపురాయి. అందులో పగుళ్లు, గుహలు, ఎంత దూరం పోయాయో ఎవరికీ తెలియని సొరంగాలు. బయట గాలి బరువు పెరిగితే లోపలికి పీలుస్తుంది, తగ్గితే వదులుతుంది. పొద్దున పీల్చి, మధ్యాహ్నం దాటాక వదులుతుంది. నేల ఊపిరి తీస్తుందన్నమాట, ఇంకేం లేదు. "దీన్ని సిమెంటు పోసి మూసేయాలి. రూల్ కూడా అదే. ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు డేల్.

చెబుతానన్నాడు విశ్వనాథం. చెప్పలేదు. నీళ్ల కోసం ట్రక్కు మీద ట్యాంకు పెట్టుకుని టౌనుకు పోయి తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాడు. గొట్టం మూతికి అడ్డంగా ఇనుప కమ్మీలు తనే వెల్డింగ్ చేశాడు. మధ్యాహ్నం కాఫీ అవగానే కుర్చీ తెచ్చుకుని దాని పక్కన కూర్చునేవాడు. గాలి దిశ మారే ముందు అది కాసేపు బిగబడుతుంది. తర్వాత చల్లటి గాలి, చీకటి వాసన మోసుకుని, పైకి వస్తుంది. గాలితోపాటు ఒక శబ్దం. ఈల కాదు, మూలుగు కాదు. నిద్రలో ఎవరో ఏదో చెప్పబోయి మానుకున్నట్టుంటుంది. ఆ చెప్పని మాట కోసం ఆయన పొద్దు వాలేదాకా కూర్చునేవాడు.

"మూయించండి దాని నోరు," అనేది ఛాయాదేవి. "బట్టలారేసుకుంటుంటే వెనక ఎవరో నిలబడి ఊపిరి వదులుతున్నట్టుంటుంది. అయినా తెరిచిన బోరు తెరిచినట్టు వదిలేస్తారా ఎవరైనా? మీరు ఏ జిల్లాలో పుట్టారో మరిచిపోయారా?"

"కమ్మీలు పెట్టానుగా. అందులోంచి నీ పిడికిలి కూడా పోదు."

"నా పిడికిలి సంగతి ఎవరడిగారు?"

ఆవిడ ఎవరి సంగతి అడుగుతోందో ఆయనకి తెలుసు. అనంతపురం వైపు పెరిగినవాళ్లకి ఎండిపోయి తెరిచి వదిలేసిన బోరుబావి అంటే ఒకటే అర్థం. టీవీలో రోజంతా అదే చూపిస్తారు. చేను మధ్యలో జనం, పొక్లెయిన్లు, లైట్లు. నేల మీద బోర్లా పడుకుని, ఆ కంతలో నోరు పెట్టి పిలిచే తల్లి. మొదట్లో లోపలినుంచి బిడ్డ పలుకుతుంది. పలుకుతున్నంతసేపూ ఇళ్లలో ఎవరూ అన్నం ముట్టరు. తర్వాత పలకదు. అప్పుడు చానెల్ మారుస్తారు.

బోరు సంగతి ఇంటర్‌నెట్‌లోకి ఎక్కాక మనుషులు రావడం మొదలైంది. మెత్తటి ఆసనం తెచ్చుకుని, మైకు పెట్టి దాని శబ్దం రికార్డు చేసుకునే ఒక తెల్లావిడ. తల్లి ఆఖరిరోజుల్లో ఇలాగే ఊపిరి తీసేదని చెప్పి, గొట్టానికి ఎదురుగా కూర్చుని దాంతోపాటే ఊపిరి తీస్తూ వదులుతూ గడిపిన ఒక ముసలి ట్రక్కు డ్రైవరు. చాండ్లర్ నుంచి వచ్చినవాళ్లయితే గొట్టానికి పసుపు పూసి బొట్టు పెట్టేశారు. ఒక ఆదివారం పొద్దున ఎవరో అగరువత్తులు వెలిగించారు. పొగ పైకి పోలేదు. దారంలా సన్నగా సాగి, వంగి, కమ్మీల సందుల్లోంచి లోపలికి దిగిపోయింది. సెల్ఫీలు తీసుకుంటున్న వాళ్లంతా ఫోన్లు దించేశారు. ఆ రోజు తెచ్చుకున్న బిర్యానీ కూడా ఎవరూ గట్టిగా మాట్లాడకుండానే తిన్నారు.

శశికాంత్, గీతాంజలి వచ్చింది పక్క ప్లాటు చూసుకోవడానికి. ఇద్దరూ చాండ్లర్‌లో చిప్పుల కంపెనీలో ఇంజనీర్లు. ప్లాటు కొని మూడేళ్లయినా చూడటం అదే మొదటిసారి. కూతురు ఇషాకి ఐదేళ్లు. నడిస్తే మడమల దగ్గర ఎర్రలైట్లు వెలిగే బూట్లు వేసుకుని, వచ్చీరాగానే ఛాయాదేవిని, "ఆంటీ, వేర్ ఈజ్ ద ప్లేగ్రౌండ్?" అని అడిగింది.

"ఇదంతా ప్లేగ్రౌండేనమ్మా," అంది ఛాయాదేవి, చెయ్యి దిగంతం దాకా తిప్పి.

పిల్ల ఆ చేయి వెళ్లిన వైపంతా చూసి, "టూ బిగ్," అంది.

పులిహోర తిన్నాక పెద్దవాళ్లు హద్దురాళ్లు వెతకడానికి బయలుదేరారు. శశికాంత్ ఫోన్ పట్టుకుని బొగ్గుచూరలో అటు పది అడుగులు, ఇటు పది అడుగులు వేస్తున్నాడు. "అంకుల్, జీపీఎస్ ప్రకారం నార్త్-ఈస్ట్ కార్నర్ మీ షెడ్డులకి వస్తుంది. ఇట్లెట్లయితది?"

"షెడ్డు జరపమంటావా బాబూ?" అన్నాడు విశ్వనాథం నవ్వుతూ.

"అట్ల కాదంకుల్. జస్ట్ క్లారిటీ కోసం."

క్లారిటీ కోసం చాలాసేపు తిరిగారు. గీతాంజలి ఈశాన్యం పల్లంగా ఉందా లేదా అని వంగి చూసింది. ఇల్లు కట్టేది ఎవరో, ఎప్పుడో, ఎందుకో ఎవరికీ తెలియదు. వాస్తు మాత్రం తేలాలి. తేలేసరికి ఎండ పసుపురంగుకు తిరిగింది. అప్పుడు శశికాంత్ తలెత్తి అన్నాడు:

"గీతా, పిల్లేది?"

"నీ దగ్గరుందిగా."

"నా దగ్గరేడుంది? నీతోనే వచ్చింది గద."

ట్రైలర్‌లో లేదు. కారులో లేదు. షెడ్డులో లేదు. ఇంతే, ఈ మూడు చోట్లు కాక దాక్కోవడానికి దగ్గర్లో ఇంకేమీ లేదు. చుట్టూ నేల, దూరంగా ఎర్రబండలు, అంతే. ఆ నేల మీద ఎక్కడా పిల్ల లేదు. గీతాంజలి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఇషా!"

ఇంటి వెనకనుంచి జవాబు వచ్చింది.

"ఓ…"

సన్నగా, లోతుగా, సాగదీసినట్టు. ముగ్గురూ పరిగెత్తారు. వెనక ఎవరూ లేరు. గొట్టం ఉంది. అందులోంచి చల్లటి గాలి వస్తోంది.

గీతాంజలికి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. హన్మకొండలోనో తెనాలిలోనో ఎక్కడ పెరిగినా ఆ టీవీ బొమ్మ ప్రతి తెలుగు మనిషి కళ్లలోనూ ఉంటుంది. మరుక్షణం ఆమె బోర్లా పడుకుని గొట్టాన్ని కావలించుకుంది. "ఇషా! నాన్నా! అమ్మ ఇక్కడే ఉంది నాన్నా! భయపడకు!" శశికాంత్ 911కి ఫోన్ చేశాడు. సిగ్నల్ లేదు. మిట్ట ఎక్కితే దొరుకుతుందని విశ్వనాథం అనగానే కారు తీసుకుని దుమ్ము లేపుకుంటూ పోయాడు.

విశ్వనాథం కమ్మీల మీద చెయ్యి పెట్టి చూశాడు. కమ్మీలు కమ్మీల్లాగే ఉన్నాయి. తన చేతులతో అతికినవి. వాటి సందులోంచి పిల్లి కూడా దూరదు, ఐదేళ్ల పిల్ల ఎలా దూరుతుంది? బుర్రకి తెలుసు.  అయినా గొట్టం మీదికి వంగాడు. "అమ్మా, ఇషమ్మా," అని పిలిచాడు. "ఓ…" అని వచ్చింది. అంతే, లేచి షెడ్డులోకి పరిగెత్తి గడ్డపార తెచ్చి, తనే పెట్టిన కమ్మీలని తనే పెకలించడం మొదలుపెట్టాడు.

ఛాయాదేవి మాత్రం దగ్గరికి రాలేదు. నీళ్ల సీసా చంకలో పెట్టుకుని దూరంగా నిలబడి కాసేపు చూసింది.

"బుద్ధుందా మీకు? ఆ సందులోంచి పిల్ల ఎలా పడుతుంది?"

"పలుకుతోంది ఛాయా! నువ్వూ వింటున్నావుగా!"

"వింటున్నాను. అందరూ ఇక్కడే పడుంటే పిల్లనెవరు వెతుకుతారు?" అని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, నేల మీద బూటు జాడలు చూసుకుంటూ ఎర్రబండల వైపు నడిచిపోయింది.

వెలుగు తగ్గుతోంది. గీతాంజలి గొంతు బొంగురుపోయింది. ఒక్కో పిలుపుకీ ఒక్కో జవాబు. తొందర లేదు, ఏడుపు లేదు. ఆ ఏడుపు లేకపోవడమే విశ్వనాథాన్ని భయపెట్టింది. ఒక కమ్మీ ఊడింది. రెండోదాని మీద గడ్డపార జారి ముంజేయి చీరుకుపోయింది. నొప్పికి ఆయన తలెత్తాడు.

దూరంగా, బండల దగ్గర, ఇద్దరు కనిపించారు. నీరెండలో వాళ్ల నీడలు బాగా పొడుగ్గా సాగాయి. ఒకరు ఛాయాదేవి. పక్కన, మడమల దగ్గర ఎర్రగా మినుకుమంటూ, ఇషా. పిల్ల తల పూర్తిగా వెనక్కి వాల్చి, సీసా ఎత్తిపట్టుకుని, గటగటా నీళ్లు తాగుతోంది.

"ఇషా!" అని పిలిచింది గీతాంజలి, ఇంకా నేలమీదే, కళ్లు మూసుకుని.

"ఓ…" అంది బోరు.

పిల్ల సీసా దించలేదు.

ఆ తర్వాత అంతా ఏడుపూ, ముద్దులూ, తిట్లూ. ఎర్రబండల వెనక నేలలో ఒక చీలిక ఉందట. అందులోంచి అమ్మ పిలుస్తుంటే విని ఇషా అక్కడే కూర్చుందట. శశికాంత్ మిట్ట మీదనుంచి తిరిగొచ్చి, అంతా విని, నవ్వీ ఏడ్చీ, "ఎకో అంకుల్. కింద కనెక్షనుంది. పిల్ల అక్కడ పలికితే ఇక్కడ వినబడ్డది. సింపుల్ ఫిజిక్స్," అన్నాడు. విశ్వనాథం అవునన్నాడు. చీలిక, సొరంగం, గాలి, అన్నీ సరిపోయాయి. ఒక్క నీళ్ల సీసా సరిపోలేదు. శబ్దం రావడానికి కాస్త ఆలస్యమై ఉంటుందిలే అనుకున్నాడు. దారిలో మిట్ట మీద ఆగి 911కి రావద్దని చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. హద్దుల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు ఆయనే మిట్ట ఎక్కి డేల్‌కి ఫోన్ చేశాడు. వచ్చి మూసేయమన్నాడు. ఛాయాదేవి సంతోషిస్తుందనుకున్నాడు. ఆవిడ అలాగా అని చిక్కుళ్ల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది. ఆ వారమంతా ఆయన కుర్చీ బయట వేయలేదు. వెనక తలుపు కూడా తెరవలేదు. ఆవిడే రోజూ అవసరం లేకపోయినా ఏదో ఒక గుడ్డ తడిపి వెనకవైపు ఆరేసి వచ్చేది.

సిమెంటు లారీ పొద్దున్నే వచ్చింది. డేల్ గొట్టం మీద మిగిలిన కమ్మీలు కోసేసి, లావుపాటి రబ్బరు పైపు లోపలికి దింపుతున్నాడు. పొద్దుటి వేళ కాబట్టి బోరు లోపలికి పీలుస్తోంది. పైపు చుట్టూ ఉన్న బొగ్గుచూర నలుసులు నలుసులుగా జరుగుతూ పోయి అందులో రాలుతోంది. డేల్ బొటనవేలెత్తి, పోయమంటావా అని సైగ చేశాడు.

అప్పుడొచ్చింది ఛాయాదేవి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ.

"ఒక్కమాట చెప్పాలండీ. ఆ రోజే చెప్పాల్సింది. ఇషా పలకలేదట."

"ఏమిటీ?"

"వచ్చేటప్పుడు దారిలో అడిగాను, అమ్మ అంతలా పిలుస్తుంటే గట్టిగా అరిచి చెప్పొచ్చుగా తల్లీ అని. 'షీ వాజ్ ఆల్‌రెడీ ఆన్సరింగ్ ఆంటీ, నేనెందుకు చెప్పాలి?' అంది. ఎవరే అంటే, 'ద గర్ల్' అని ఆ చీలిక చూపించింది."

"చిన్నపిల్ల. ఏదో అంటుంది."

"అంటుంది. కానీ పిలిస్తే ఈ దేశం పిల్లలు 'వాట్' అంటారు, 'యా' అంటారు. బడిలో ఎంతమందికి వడ్డించాను, నాకు తెలీదా? 'ఓ' అని పలికే పిల్ల ఇక్కడ ఎక్కడుంది?"

విశ్వనాథం ముంజేతి మీద ఎండిన పక్కుని గోటితో గీరుకుంటూ నిలబడ్డాడు. అప్పుడు ఆయన కూడా నీళ్ల సీసా సంగతి చెప్పాడు. వింటున్నంతసేపూ ఆవిడ ఆశ్చర్యపోలేదు. తలూపింది, అంతే.

"ఇన్నేళ్లూ మూయమని నువ్వేగా ప్రాణం తీశావు," అన్నాడు.

"ఎవరైనా పడతారేమో అన్నాను. లోపల ఉన్నారని తెలిసి సిమెంటు పోయమన్నానా?"

డేల్ మళ్లీ సైగ చేశాడు. విశ్వనాథం దగ్గరికి పోయి వంగాడు. పిలవాలనుకున్నాడు. చల్లగా లోపలికి లాగే ఆ గాలి ఆయన ముఖం మీదుగా పోతోంది. ఇప్పుడు పిలిస్తే పిలుపు లోపలికి పోతుంది. జవాబు ఉంటే అది మధ్యాహ్నం దాటాకే పైకి రావాలి. లారీలో సిమెంటు అప్పటిదాకా ఆగదు.

"పంపించేయండి," అంది ఛాయాదేవి వెనకనుంచి.

విశ్వనాథం వద్దని చెయ్యి అడ్డంగా ఊపాడు. డేల్ పైపు చుట్టుకున్నాడు. వెళ్తూ వెళ్తూ లారీ కిటికీలోంచి ఆ ఇద్దర్నీ ఒకసారి చూసి, టోపీ సర్దుకున్నాడు. దుమ్ము అణగడానికి చాలాసేపు పట్టింది.

ఆ సాయంత్రం కుర్చీలు రెండు వేశారు. ఎండ బండల మీదికి జారింది. బోరు పీల్చడం నెమ్మదించి, ఆగి, బిగబట్టింది. ఇంకాసేపట్లో గాలి తిరుగుతుంది.

"పిలువు," అన్నాడు విశ్వనాథం.

"ఇషా అంటే బాగోదు. అది వేరేవాళ్ల పిల్ల పేరు."  ఆవిడ కుర్చీ దిగి నేలమీద మోకాళ్లు ఆనించి, జారిన జుట్టు చెవి వెనక్కి దోపుకుని, గొట్టం మీదికి వంగింది.

"నమ్రతా," అని పిలిచింది. "అమ్మా, నమ్రతా."

ఆ పేరు ఆ ఇంట్లో విశ్వనాథం ఎన్నడూ వినలేదు. పుట్టని పిల్లకి ఎన్నేళ్లుగా దాచుకున్నావని అడగలేదు. ఆయన కూడా దిగి ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. గాలి తిరిగింది. కింద ఎక్కడో, ఎంత లోతులోనో, ఏదో పైకి రావడం మొదలుపెట్టింది.